ముక్కు నీళ్లలోకి దిగినప్పుడు: కొల్లేటి అంచు నుంచి ప్రాజెక్టు డైరీ

జూన్ ఆఖరు

ఈ ఏడాదికి ఒకటే పని పెట్టుకున్నాను. నీటిపక్షుల్ని నిలబడి ఉన్నప్పుడు కాదు, తింటున్నప్పుడు ఫొటో తీయాలి. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు, ఎండలో రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు నా దగ్గర చాలానే ఉన్నాయి. అందంగానే ఉంటాయి. కానీ ఒకదాని ముక్కు అంత పొడుగెందుకు, ఇంకోదాని ముక్కు చివర వెడల్పెందుకు, మరోదాని ముక్కు మధ్యలో సందెందుకు? వీటికి ఆ ఫొటోల్లో జవాబు దొరకదు. ముక్కు నీళ్లలోకి దిగాలి, అప్పుడే తెలుస్తుంది.

మాది ఏలూరు దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఊరు. ఇంటి వెనక పంట బోదె, అవతల వరిచేలు, ఇంకా అవతల చేపల చెరువులు. ఇక్కడ దొరికే పక్షుల్ని ఇక్కడే తీయాలి, దొరకని వాటికోసం ఊళ్లు తిరగాలి.

కెమెరా పాతదే, సెకనుకి 10 ఫ్రేములు తీస్తుంది. లెన్సు 150–600 ఎం.ఎం. ట్రైపాడ్ తీసుకెళ్లడం మానేశాను. గట్టు మీద బోర్లా పడుకుని తీసేటప్పుడు దానికంటే లెన్సు కింద పెట్టుకునే శనగల సంచి నయం. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కోసి, రెండు వైపులా కుట్టించి, ఒక మూల జిప్పు పెట్టించాను. ప్రయాణాలకి ఖాళీ సంచి మడిచి బ్యాగులో పెట్టుకుని, దిగిన ఊళ్లో శనగలు కొని నింపుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు ఆ శనగలు అక్కడే ఎవరికైనా ఇచ్చేస్తే సరి. లెన్సు నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉండాలన్నది నా పట్టుదల. పైనుంచి తీస్తే ముక్కు నీటిని తాకే గీత కనపడదు, పక్షి వెనకంతా బురదే వస్తుంది.

నియమాలు కూడా ముందే రాసుకున్నాను. మేత వేసి రప్పించకూడదు. ఎగిరించడానికి చప్పట్లు, రాళ్లు ఉండకూడదు. గూడు ఉన్న చెట్టు దగ్గరికి పోకూడదు. తల్లి లేచిపోతే కాకి గుడ్లు ఎత్తుకుపోవడానికి ఒక్క నిమిషం చాలు.

నోటుబుక్కులో ప్రతి ఫొటోకీ నీటి లోతు రాయాలి. కొలబద్ద అక్కర్లేదు. పక్షి కాలు ఎంత మునిగిందో చూస్తే చాలు. కొంగ కాలు మధ్యలో వెనక్కి వంగేది మోకాలు కాదు, అది మడమ కీలు. అసలు మోకాలు పైన ఈకల్లో ఉంటుంది. ఆ కీలు దగ్గరే నాకు కొలత.

జూలై, దమ్ములు

కాలవకి నీళ్లు వదిలారు. ఇనప చక్రాల ట్రాక్టర్లు దిగాయి. వాటి వెనకే తెల్లకొంగలు, సంతికొంగలు, గుడ్డికొంగలు. సంతికొంగలకి ఈ నెలల్లో తల, మెడ నారింజ రంగు తిరుగుతాయి. ఏడాదంతా మట్టిరంగులో కలిసిపోయే గుడ్డికొంగకి వీపు ముదురు ఎరుపు ఎక్కుతుంది.

తెల్లకొంగ ఫొటోకి మొదటి చిక్కు తెలుపే. నల్లటి దమ్ము మడి మధ్యలో తెల్లటి పక్షి ఉంటే, కెమెరా మడిని చూసి వెలుతురు చాలదనుకుంటుంది, పెంచేస్తుంది. ఈకల గీతలన్నీ పోయి ఉత్త తెల్ల మరక మిగులుతుంది. అందుకే మాన్యువల్లో పెట్టి, కొంగ మీద పడ్డ వెలుతురుకి ఒకసారి సరిచేసుకుని వదిలేస్తున్నా. వెనక బురదొచ్చినా, నీళ్లొచ్చినా, ఆకాశమొచ్చినా ఆ సెట్టింగు ముట్టుకోను. ఎండ మారితేనే మార్చడం. షట్టరు సెకనులో 1/2500 వంతు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) కూడా నేనే పెట్టి కదలకుండా ఉంచాను.

గట్టు మీద పడుకుని ఉంటే మా పక్క చేను కౌలు చేసే బాబాయి వచ్చి నిలబడ్డాడు.

"ఏం బాబూ, పొద్దున్నే కొంగల మీద పడ్డావు?"

"అవి ఏం తింటున్నాయో చూద్దామని, బాబాయ్."

"ఏముంది, కుమ్మరి పురుగులు, కప్పపిల్లలు. దమ్ములో పైకి తేలిందల్లా వాటిదే. ట్రాక్టరు మూల తిరిగే చోట కూర్చో, అక్కడ చక్రం ఎక్కువ లోతుకి దిగుద్ది."

ఆ మూలకి మారాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే సంతికొంగ ముక్కులో కుమ్మరి పురుగు అడ్డంగా ఉంది. ముందుకాళ్లు, వాటి పలుగుల్లాంటి గోళ్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. చేలో నలభై ఏళ్లు తిరిగిన మనిషికి ఏ మూలలో ఏం తేలుతుందో తెలుసు. ఆయన ఫోన్‌కి ఫొటో పంపించాను.

నెల చివర్లో బోదెలో చిన్న తెల్లకొంగ. నల్లటి కాళ్లు, పసుప్పచ్చ పాదాలు ఉండేది. చీలమండ లోతు నీళ్లు. ఒక పాదం ముందుకు పెట్టి వణికిస్తుంది, కొంచెం ఆగుతుంది, మళ్లీ వణికిస్తుంది. బురదలో దాక్కున్న చిన్న చేప కదలగానే మెడ సాగుతుంది. ఫొటోకి ముక్కు కంటే ముందు పాదాన్ని చూడాలి. పాదం ఆగిందంటే ఆ వెంటనే ముక్కు దిగుతుంది. బటన్ నొక్కాల్సింది అక్కడ.

సెప్టెంబరు, నత్తగుల్ల కొంగ

ఈ పక్షి గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు కనపడుతుంది. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. ఒకప్పుడు ఆ సందులో గుల్ల పెట్టి నలగ్గొడుతుందని అనుకునేవాళ్లు. నాట్లు పూర్తయిన చేలో, తూము దగ్గర, ఎండ వెనకనుంచి పడేలా కూర్చుని తీసిన వరస ఫొటోల్లో అలాంటిదేమీ లేదు. ముక్కు నీళ్లలో గుచ్చి తడుముతుంది. నత్త తగలగానే చాలాసార్లు పైకి ఎత్తదు, నీళ్ల అడుగునే పని మొదలెడుతుంది. పై దవడతో గుల్లని నేలకి అదిమి పట్టి, కింది దవడ కొనని నత్త మూత కిందికి దూరుస్తుంది. తల వేగంగా వణుకుతుంది. లోపలి కండ తెగి, మెత్తటి నత్త బయటికొస్తుంది. మింగేస్తుంది. గుల్ల అక్కడే పడి ఉంటుంది, చాలాసార్లు పగలకుండా.

ఆ సందు వల్ల ముక్కు కొనలు రెండూ కోణంలో కలుస్తాయి, జారిపోయే గుండ్రటి గుల్లని పట్టుకోవడానికి అదే వీలు. కొంగ వెళ్లాక గుల్లలు తీసి చూశాను. అంచు మీద చిన్న పెచ్చు లేచింది తప్ప గుల్ల గుల్లలాగే ఉంది. మూత విడిగా, పక్కన బురదలో పడి ఉంది. గుల్లనీ మూతనీ అరచేతిలో పెట్టుకుని ఫోన్‌తో తీసిన ఫొటో ఈ ప్రాజెక్టులో ముఖ్యమైన వాటిలో ఒకటి. పక్షి లేకుండానే దాని ముక్కు పని కనపడుతోంది అందులో.

లోతు: మడమ కీలుకి రెండు వేళ్లు కింద. చేలో నీళ్లు తీసేసిన వారంలో ఒక్క నత్తగుల్ల కొంగ కూడా రాలేదు. నీళ్లు పెట్టిన మర్నాడు మళ్లీ దిగాయి.

నవంబరు, పట్టుబడి రోజు

మా వైపు చేపల చెరువు పట్టుబడి అంటే పక్షులకి పండగ. ముందురోజు నుంచే మోటార్లు పెట్టి నీళ్లు తోడతారు. లోతు తగ్గేకొద్దీ దిగే పక్షి మారుతుంది. నడుము లోతు ఉన్నప్పుడు గూడబాతులు (పెలికాన్లు), నీటికాకులు. మోకాలు లోతుకి వచ్చేసరికి ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుముక్కు కొంగలు. చీలమండ లోతుకి తెల్లకొంగలు. బురద తేలాక ఉల్లంకులు. ఒకే చెరువులో ఒకే రోజున ఇదంతా జరుగుతుంది. నోటుబుక్కులో లోతు రాస్తున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి.

ఎర్రకాళ్ల కొంగ కంటితో వేటాడదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది, చేప తగలగానే మూసేస్తుంది. దీని బంధువే అయిన అమెరికా వుడ్ స్టార్క్ మీద 1960ల్లో చేసిన ప్రయోగంలో, తగలడానికీ మూయడానికీ మధ్య సగటున 25 మిల్లీసెకన్లే పట్టిందని తేలింది. నా కెమెరా రెండు ఫ్రేముల మధ్య తీసుకునేది 100 మిల్లీసెకన్లు. అంటే ముక్కు మూసుకునే ఆ క్షణం దాదాపుగా రెండు ఫ్రేముల సందులోనే జారిపోతుంది. ఈ లెక్క తెలిశాక నా పద్ధతి మార్చుకున్నాను. మూసుకునే క్షణం కోసం కాకుండా, ముక్కు తెరిచి నీళ్లలో ఉన్న ఫ్రేము ఒకటి, చేపతో పైకి లేచిన ఫ్రేము ఒకటి, జంటగా పెడుతున్నా. చూసేవాళ్లకి మధ్యలో ఏం జరిగిందో అర్థమైపోతుంది.

తెడ్డుముక్కు కొంగ కూడా తడిమే రకమే, కానీ అరవృత్తంలో, కొడవలి తిప్పినట్టు తిప్పుతుంది. దానికి షట్టరు 1/60కి తగ్గించి తీశాను. కళ్లు నిలిచాయి, ముక్కు కొన దగ్గర నీళ్లు వంపు గీతగా వచ్చాయి. ఇది నాకు బాగా నచ్చిన ఫలితం.

అదే రోజు పక్క చెరువు మీద పక్షులు దిగకుండా కట్టిన నైలాన్ దారాల్లో ఒక తెల్లకొంగ చిక్కుకుంది. రెక్క మడతలోకి దారం దిగిపోయి కొట్టుకుంటోంది. కాపలా అన్న పడవ వేసుకుని వెళ్లి, కొంగ తలకి తువ్వాలు కప్పి, కళ్లు మూసుకుపోయాక దారం కోశాడు. "కళ్లు కనపడకపోతే కొట్టుకోదు తమ్ముడూ" అన్నాడు. ఎముక విరగలేదు, గట్టు మీద కాసేపుండి ఎగిరిపోయింది. ఆ సేపంతా కెమెరా పక్కన పెట్టేశాను. రైతుకి చేపపిల్ల మీద పెట్టిన అప్పుంది, గూడబాతు గుంపు దిగితే నష్టం నిజమే. అయినా సన్న దారం పక్షికి కనపడదు. దారం బదులు రంగు రిబ్బన్లు కట్టిన చెరువు ఒకటి మా రోడ్డు మీదే ఉంది, గాలికి మెరుస్తూ చప్పుడు చేస్తాయి. ఆ యజమానిని అడిగి వివరాలు తీసుకుని, మా ఊళ్లో తెలిసిన రైతులకి చెబుతున్నాను.

డిసెంబరు, ఉత్తరం వైపు ప్రయాణం

ఏలూరు నుంచి రైల్లో శ్రీకాకుళం జిల్లా, అక్కడినుంచి ఒడిశాలోని చిలికా సరస్సు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. పక్షులొస్తే పంటలు బాగుంటాయని ఊరివాళ్ల నమ్మకం. వాటిని కదిలించనివ్వరు. గూళ్ల దగ్గర నేను కెమెరా తీయలేదు. పక్షులు మేతకి పోయే నౌపడా వైపు తడినేలల దగ్గర ఒక పూట గడిపాను.

మంగళజోడి చిలికా ఉత్తర అంచున ఉన్న ఊరు. ఒకప్పుడు పక్షుల వేటకి పేరు. ఆ వేటగాళ్లే ఇప్పుడు పక్షుల కాపలాదారులు, గైడ్లు. మా పడవ నడిపినాయన నాకంటే బాగా పెద్దవాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు, ఇద్దరం వచ్చీరాని హిందీలో నెట్టుకొచ్చాం. మోటారు లేదు, వెదురు గడతో తోస్తారు. జమ్ము గడ్డి మధ్య సన్నటి నీటిదారుల్లో పడవ అంచు మీద శనగల సంచి పెట్టి పడుకుంటే లెన్సు ఇంచుమించు నీళ్లమీదే ఉంటుంది. ఈ ప్రాజెక్టుకి ఇంతకంటే అనువైన చోటు నేను చూడలేదు.

ఇక్కడ నా గురి నల్లతోక గాడ్విట్. చలికాలానికి ఉత్తరదేశాల నుంచి వేల సంఖ్యలో దిగుతాయి. నిటారుగా ఉండే పొడుగు ముక్కుని మొదలు దాకా బురదలో దించేస్తుంది. అంత లోతున ముక్కు మొత్తం తెరవాలంటే బురద ఒప్పుకోదు. దీనికి ముక్కు కొన మాత్రమే విడిగా పైకి వంగుతుంది. పురుగుని ఆ కొనతోనే పట్టి లాగుతుంది. బురద లోపల జరిగేది ఎలాగూ కనపడదు. కానీ ఒక ఫ్రేములో ముక్కు బయటికి తీసి, మింగబోతూ కొనని వంచింది. మిగతా ముక్కంతా మూసే ఉంది, కొన దగ్గర మాత్రం సన్నటి సందు. ఫొటో చూపిస్తే పడవాయన తన వేలి చివరి కణుపు ఒక్కటే వంచి చూపించి నవ్వాడు. ఆయనకి ఎప్పుడో తెలుసు.

తెడ్డుమూతి బాతులు గుంపుగా గుండ్రంగా తిరుగుతూ, ఒకదాని వెనక ఒకటి, ముందుది లేపిన నీటిని వడకట్టుకుంటూ పోయాయి. వాటిని ఫొటో కంటే వీడియో తీయడమే మేలు. తీశాను.

జనవరి, పులికాట్

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు పక్కలా రాజహంసలు. దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే అయినా చాలా చోట్ల మోకాలు లోతే, పొడుగు కాళ్ల పక్షులకి అందుకే ఇది అడ్డా.

రాజహంస తల తలకిందులు చేసి తింటుంది. అప్పుడు పై దవడ కిందికొస్తుంది. నాలుక పంపులా ఆడుతూ నీళ్లు లోపలికి లాగి బయటికి తోస్తుంది, ముక్కు అంచుల్లోని సన్నటి దువ్వెన పళ్ల మధ్య మేత ఆగిపోతుంది. తినేముందు కాళ్లతో బురద తొక్కుతూ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. నీళ్లు పలచగా ఉన్నచోట ఆ గుండ్రటి గుంటలు రోడ్డు మీదనుంచి కూడా కనపడ్డాయి. వాటినీ తీశాను.

ఇక్కడికి వచ్చేవాళ్లకి ఒక్క మాట: తెల్లవారకముందే చేరండి. ఎండెక్కాక బురద నేల మీదనుంచి వేడి ఆవిరి లేచి, మధ్యలో గాలి వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా, ఫోకస్ ఎంత కచ్చితంగా ఉన్నా, దూరంగా ఉన్న పక్షి అలుక్కుపోయినట్టే వస్తుంది. తొమ్మిది దాటాక నేను కెమెరా సర్దేసి బైనాక్యులర్‌తో కూర్చున్నాను. కారు దిగకపోవడం కూడా ముఖ్యం. ఆగిన కారుని పక్షులు పట్టించుకోవు, మనిషి దిగితే గుంపంతా కదులుతుంది.

తిరుగుదారిలో నేలపట్టు. నీళ్లలో నిలబడ్డ నీటికడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. 1976 నుంచీ ఇది రక్షిత కేంద్రం. గూడు ఇక్కడ, మేత పులికాట్‌లో. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకి బలమని అక్కడి రైతులు చెబుతారు. వాచ్ టవర్ మీదనుంచి చూశాను, అంతే.

ఫిబ్రవరి, ఆటపాక

మళ్లీ మా కొల్లేరు. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులకి ఇనప స్టాండ్లు కట్టి పెట్టారు, వాటి మీదే గూళ్లు. మా ప్రాంతానికి ఈ పక్షితో పాత బంధం ఉంది. 1940ల్లో కేరళకి చెందిన పక్షిశాస్త్రవేత్త నీలకంఠన్ పశ్చిమగోదావరిలోని ఆరేడు దగ్గర తాటిచెట్ల మీద గూడబాతుల పెద్ద కాలనీని చూసి, దాని గురించి వివరంగా రాశారు. ఆ కాలనీ తర్వాత పోయింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న తడినేలల రామ్సర్ జాబితాకెక్కింది, 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇంత జరిగాక కూడా గూడబాతులు ఇక్కడ పిల్లల్ని పెంచుతున్నాయంటే నాకు గొప్ప సంతోషం.

గూడబాతు సంచి చేపలు దాచుకునే సంచి కాదు, అది వల. ముక్కు దించగానే కింది దవడ ఎముకలు రెండు పక్కలకీ వంగి సంచి నోరు తెరుచుకుంటుంది. చేపతో పాటు బోలెడు నీళ్లు. ఆ బరువుతో అది తల ఎత్తలేదు. ముక్కుని రొమ్ముకి ఆనించి నీళ్లు కార్చేస్తుంది, అప్పుడు ముక్కు పైకెత్తి మింగుతుంది. ఈ నీళ్లు కార్చే ఘట్టమే నా ఫొటో. సాయంకాలపు ఎండ ఎదురుగా ఉన్నప్పుడు సంచి చర్మం గుండా వెలుతురొస్తుంది, లోపల అడ్డంగా తిరుగుతున్న చేప నీడ కనపడుతుంది. చర్మం మీది సన్నటి రక్తనాళాలు కూడా కొమ్మల్లా తేలాయి. ఎక్స్‌పోజర్ పక్షి మీద కాకుండా సంచి మీద పెట్టాను. తల నల్లబడినా ఫరవాలేదనిపించింది.

మార్చి

కొల్లేట్లో నీళ్లు తగ్గుతున్నాయి. లోతుగా మిగిలిన కాలవల్లో పాముమెడ పక్షి. శరీరం మొత్తం మునిగి మెడ ఒక్కటే పైన. ఇది నీటికాకిలా చేపని పట్టదు, పొడుస్తుంది. మెడ మధ్యలో ఒక వెన్నుపూస దగ్గర మడత ఉంటుంది, అక్కడినుంచి మెడ ఒక్కసారిగా సాగుతుంది. పైకొచ్చాక చేపని గాల్లోకి ఎగరేసి తల వైపు నుంచి మింగుతుంది. పొడిచేది నీళ్లలోపల, అది నాకు అందదు. ఎగరేసినప్పుడు చేప పక్కన రంధ్రం, అందులోంచి కారే నీటి చుక్క దొరికాయి. చాలు.

ఇన్ని నెలల నోటుబుక్కు వరసగా పెట్టి చూసుకున్నాను. ఏ పక్షి ఎప్పుడొస్తుందన్నది మా దగ్గర నెలని బట్టి కంటే నీటి లోతుని బట్టే బాగా చెప్పొచ్చు. బెత్తెడు లోతు మారితే దిగే గుంపు మారుతోంది. ఫొటోలకి పేర్లు కూడా తేదీతో కాకుండా లోతుతో మొదలయ్యేలా మార్చేశాను.

ఏప్రిల్, మిగిలిన పని

మిగిలింది ఇండియన్ స్కిమ్మర్. కింది దవడ పైదానికంటే పొడుగ్గా ఉండే పక్షి. ఎగురుతూనే కింది దవడతో నీటిని కోసుకుంటూ పోతుంది, చేప తగిలితే మూసేస్తుంది. చంబల్, మహానది ఇసుకదిబ్బల మీద గూళ్లు పెట్టి, చలికాలంలో మన కాకినాడ తీరానికి, కోరింగ వైపు వస్తుంది. ప్రపంచంలోనే అరుదైపోయిన పక్షి. ఈ సీజన్ అయిపోయింది కాబట్టి వచ్చే డిసెంబరుకి అనుకుంటున్నా. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, ఇసుకతిన్నెలు తేలే వేళకి పడవ మాట్లాడుకోవాలి. షట్టరు 1/3200కి తగ్గకూడదు. పడవ వాళ్లకి ముందే చెప్పాల్సింది ఒక్కటుంది: తిన్నె మీద కూర్చున్న గుంపు మెడలు ఎత్తిందంటే అక్కడే ఆపెయ్యాలి, ముందుకి పోకూడదు.